ఇంట్ల కట్టిన బండిల గుయ్యిమనే మోత: గేర్‌బాక్స్ కొనకముందు షాఫ్ట్ చూడు

తమ్ముడూ, గేర్‌బాక్స్ ఇప్పుడే కొనకు. విజయవాడ ఆటోనగర్‌కు అడ్వాన్స్ పంపితే పంపినవ్, పంపకపోతే మాత్రం ఆగు.

నువ్వు రాసినదాంట్ల నాకు అక్కరకొచ్చిన ముక్కలు ఇవి. దేవరకొండ దగ్గర ఇంటి షెడ్డుల చదరపు పైపుతోని చాసిస్ కట్టినవ్. మారుతీ ఓమ్ని వ్యాను ఇంజను, దాని గేర్‌బాక్స్ ఒకదాన్నుంచి ఒకటి విడదీయకుండ తెచ్చి ముందు భాగంల కూసోబెట్టినవ్. వెనక కూడ ఓమ్ని హౌసింగే (వెనక చక్రాల ఇరుసు, డిఫరెన్షియల్ ఉండే డబ్బా), కమాన్ పట్టీల మీద, అంటే పట్టీల స్ప్రింగుల మీద. గేర్‌బాక్స్ నుంచి హౌసింగుకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కుదరక నల్లగొండల లేత్ మీద కోయించి వెల్డింగ్ పెట్టించినవ్, పనిల పని పినియన్ (షాఫ్ట్ తిప్పే, హౌసింగు ముక్కులోని చిన్న పళ్ళ గేరు) ఆయిల్ సీల్ కూడ మార్పించినవ్. ఇప్పుడు గంటకు 35 కిలోమీటర్లు దాటంగనే గుయ్యిమని మొదలైతది, 50 దాకా తగ్గదు. యాక్సిలరేటర్ వదిలితే గొంతు మారుతది. మొదటి గేర్ల కదిలేటప్పుడు కింద టక్కుమంటది. చూసిన మెకానిక్ గేర్‌బాక్స్ బేరింగులు పోయినయ్ అన్నడు.

పోయి ఉండొచ్చు. కాని లెక్క జర ఆలోచించు. కంపెనీ బండిల సప్పుడు వస్తే అరిగిన వస్తువు కోసం వెతుకుతం. ఇంట్ల కట్టిన బండిల వస్తే ముందుగాల మనం కోసినది, అతికించినది, జరిపినది చూడాలె. నీ గేర్‌బాక్స్‌ను ఎవరూ విప్పలేదు. ఓమ్నిల ఉన్నప్పుడు సప్పుడు లేదని నువ్వే రాసినవ్. మరి మారింది ఏంది? షాఫ్ట్ పొడవు, షాఫ్ట్ రెండు కొసల వంపు, పినియన్ నట్టు, గేర్‌బాక్స్ కింద మౌంటు. నాలుగింటి మీదా నీదో, వెల్డర్‌దో చెయ్యి పడ్డది. అనుమానం అక్కడినుంచే మొదలుపెట్టాలె.

సప్పుడు సీటు కింద వినిపిస్తుంది కాబట్టి గేర్‌బాక్సే అన్నది మీ మెకానిక్ వాదన. దీన్ని నేను ఒప్పుకోను. చదరపు పైపు లోపల బోలు, దాని మీద పల్చటి రేకు ఫ్లోరు. వెనక హౌసింగుల పుట్టిన మోత పైపు పట్టుకుని ముందుకొచ్చి, రేకు ఎక్కడ వదులుగ ఉంటే అక్కడ మోగుతది. చెవికి తగిలే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ఓమ్నిలనైతే గేర్‌బాక్స్‌కు, బాడీకి మధ్య రబ్బరు మౌంట్లు ఉన్నయ్. నువ్వు ఏం పెట్టినవో చెప్పలేదుగాని, మిర్యాలగూడ, నల్లగొండ దిక్కు ఇసొంటి బండ్లకు రైస్ మిల్లు ఎలివేటర్ బెల్టు ముక్కలు పేర్చి బోల్టు బిగించుడు నేను చానా చూసిన. ఆ బెల్టు లోపల గుడ్డ పొరలు ఉంటయ్, గట్టిగ బిగిస్తే చెక్క లెక్కనే అయితది. చూసేందుకు రబ్బరే, పని మాత్రం చెయ్యదు. అది ఉంటే తీసెయ్. జీపుదో, ఓమ్నిదో అసలు మౌంటు తెచ్చి పెట్టు. సప్పుడు పుట్టుడు ఆగదు, కాని కొంత మోత అక్కడనే చచ్చిపోతది, మిగతాది ఎక్కడిదో చెవికి దొరుకుతది.

ఇగ పరీక్షలు. ముందే ఒక మాట: రిజిస్ట్రేషన్ లేని బండిని సర్కారు రోడ్డు ఎక్కించుడు మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 39 ప్రకారం నేరం. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు నున్నగ ఉన్నదని ఆశపడకు. సీజను లేనప్పుడు రైస్ మిల్లు వడ్లారబోసే సిమెంటు కళ్ళం అడుగు, లేదంటే తెలిసినోళ్ళ వెంచర్ల వేసిన లోపలి రోడ్డు. 50 దాకా పోయి ఆగేటంత జాగ చాలు. బ్రేకులు నమ్మకంగ పడుతున్నయని తేలినంకనే పో.

మొదటి పరీక్షకు పానా కూడ అక్కరలేదు. ఓమ్ని నాలుగు గేర్ల డబ్బాల టాప్ గేరు డైరెక్ట్. అంటే నాలుగో గేర్ల ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్ట్ కూడ అన్నే చుట్లు తిరుగుతది. అందుకే నాలుగో గేర్ల విన్న సప్పుడు ఇంజనుదా, షాఫ్ట్‌దా అని ఒట్టి చెవితోని తేల్చుడు కష్టం, రెండూ ఒకే వేగంల తిరుగుతయ్. నువ్వు పంపిన వీడియో మొత్తం నాలుగో గేర్ల తీసిందే. అదే 40 మీద మూడో గేరుకు దించు. ఇంజను చుట్లు పెరుగుతయ్, షాఫ్ట్ చుట్లు మాత్రం అవే ఉంటయ్. గుయ్యి గొంతు మారకుండ అట్లనే ఉంటే అది గేర్‌బాక్స్ వెనకది. ఇంజనుతోని పాటు గొంతు పైకి పోతే ఇంజను, క్లచ్, గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ (ఇంజను దిక్కుది), ఈ మూడిట్ల వెతకాలె.

దాని వెనకనే రెండోది. 50 దాకా పోయి క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్, ఇంజను ఐడిల్‌కు వస్తది, బండి దొర్లుతుంటది. సప్పుడు అట్లనే ఉండి వేగంతో పాటు తగ్గుకుంట పోతే షాఫ్ట్, హౌసింగు, చక్రాలు, టైర్లు. టక్కున ఆగిపోతే అది లోడు మీద వచ్చేది. లోడు మీద మాత్రమే వచ్చేటివి వేరే తరగతి, వాటి సంగతి కిందికి చెప్తా. ఇంజను ఆఫ్ చేసి మాత్రం దొర్లించకు, స్టీరింగ్ లాక్ పడొచ్చు.

స్పీడోమీటరును నమ్మకు. నువ్వు టైరు సైజు మార్చినవ్, చాసిస్ మార్చినవ్, అది ఏం చూపిస్తుందో దేవునికే ఎరుక. ఫోన్ల జీపీఎస్ వేగం చూడు, పక్కన కూసున్నోడు రాసుకోవాలె. డ్రైవరు ఫోను చూడొద్దు.

ఇప్పుడు లెక్క. చదువుకున్న పిలగాడివి కాబట్టి ఇది నీకు ఇష్టమయితది, నాకు కూడ ఇదే ఇష్టమైన ముచ్చట. టైరు మీద సుద్దముక్కతోని గీత పెట్టి, నువ్వు కూసుని బండిని ఒక చుట్టు నెట్టించు, నేల మీద పడ్డ రెండు గీతల మధ్య దూరం కొలువు. ఓమ్ని అసలు టైరు 145 ఆర్ 12 అయితే దాదాపు 1.7 మీటర్లు వస్తది. 40 వేగమంటే సెకనుకు 11.1 మీటర్లు, అంటే చక్రం సెకనుకు ఆరున్నర చుట్లు. తర్వాత క్రౌన్ పినియన్ నిష్పత్తి, అంటే పినియన్, అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్, ఈ రెండిటి చుట్ల లెక్క. బండిని గేర్ల నుంచి తీసి, ఒక వెనక చక్రం నేల మీదనే ఉంచి దానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టు, రెండోది జాకీతోని లేపు. లేపిన చక్రాన్ని సరిగ్గ రెండు చుట్లు తిప్పు, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. అదే నిష్పత్తి. రెండు చుట్లు ఎందుకంటే ఒక చక్రం కదలకపోతే డిఫరెన్షియల్ రెండోదాన్ని రెట్టింపు తిప్పుతది.

లెక్కకు 5 అనుకుందాం. 40 మీద షాఫ్ట్ సెకనుకు 33 చుట్లు. ఇప్పుడు ఫోన్ల సౌండ్ స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా వేసుకో, ఉచితంగనే దొరుకుతయ్. 40 మీద నిలకడగ పోతూ ఎక్కడ శిఖరం లేస్తుందో చూడు. ఆరేడు హెర్ట్జ్ (సెకనుకు ఆరేడు సార్లు) దగ్గరైతే అది చెవికి వినపడే సప్పుడు కాదు, సీటుకు తెలిసే ఊపు, చక్రం లేదా టైరు. 33 దగ్గరైతే షాఫ్ట్ బ్యాలెన్సు. 65 దగ్గరైతే షాఫ్ట్ జాయింట్ల వంపు, ఎందుకంటే క్రాస్ (కూడిక గుర్తు తీరు ఇనుప ముక్క) ఉన్న జాయింటు వంపుల తిరిగితే ఒక చుట్టుకు రెండుసార్లు వేగం హెచ్చుతది, రెండుసార్లు తగ్గుతది. 200 దాటి ఎక్కడో ఉంటే క్రౌన్ పినియన్ పళ్ళు. పినియన్‌కు 8 పళ్ళు ఉంటే 33ను 8తో గుణించు, 260 దాకా వస్తది. ఫోను మైకు 50 కింద సరిగ్గ వినదు, అందుకని 33ను కాళ్ళతోనే పట్టాలె, ఫ్లోరు మీద ఒట్టికాళ్ళు ఆనిస్తే తెలుస్తది. ఓమ్ని మూడు సిలిండర్ల ఇంజను, చుట్టుకు ఒకటిన్నర పేలుడు, 33 చుట్ల మీద అది 50 దగ్గర పడుతది. దాన్ని చూసి గాబరా పడకు.

నీ వీడియోల నేను విన్న గొంతు చానా కిందిది, ఊఁ అన్నట్టు. పళ్ళ సప్పుడైతే సన్నగ ఈల లెక్క వస్తది. అందుకే నా పందెం షాఫ్ట్ వంపు మీద. కాని పందెం పందెమే, కొలిచి చూడు.

షాఫ్ట్ చూడాలంటే బండి కిందికి పోవాలె, ఇక్కడ జాగ్రత్త. ఒక్క జాకీ మీదనే బండి ఉండంగ కిందికి దూరకు. ముందు చక్రాలకు రాళ్ళు, వెనక స్టాండ్లు. ఆ స్టాండ్లు చాసిస్ కింద కాదు, హౌసింగు గొట్టాల కింద పెట్టాలె. చాసిస్ కింద పెడితే హౌసింగు కిందికి వేలాడుతది, షాఫ్ట్ వంపు రోడ్డు మీద ఉన్నట్టు ఉండదు. అట్ల తిప్పి ‘అన్నా సప్పుడు ఇంకా పెరిగింది’ అని ఫోన్ చేసేటోళ్ళు ఉన్నరు. లుంగీ, తువ్వాల, చేతికి దారం, మెడల గొలుసు, ఏవీ వద్దు. తిరిగే షాఫ్ట్ పక్కకు ఎవరూ పోవద్దు. వినాలంటే పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని చెవి దగ్గర ఆనించి, కొసను హౌసింగు మీద పెట్టి పక్క నుంచి విను. షాఫ్ట్ మీద కాదు.

ఇంజను ఆపినంక మొదటి చూపు యోక్‌ల మీద, అంటే క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్కల మీద. షాఫ్ట్ రెండు కొసల్ల ఉన్న యోక్‌ల చెవులు ఒకే వరుసల ఉండాలె. ముందు యోక్ చెవులు పైకీ కిందికీ నిలబెడితే వెనక యోక్ చెవులు కూడ అట్లనే నిలబడాలె. అట్ల ఉన్నప్పుడే ముందు జాయింటు చేసిన హెచ్చుతగ్గును వెనక జాయింటు సరిచేస్తది. లేత్ మీద గొట్టం కోసినోడు ముందే గీత పెట్టుకోకుంటే, తిరిగి అతికించేటప్పుడు కొంచెం తిరిగిపోతది. కంటికి ఐదారు డిగ్రీలు తెలవదు. షాఫ్ట్ విప్పి, గ్రానైట్ బండ మీద పండుకోబెట్టు, మన దిక్కు దానికి కొదువ లేదు. ఒక యోక్ రెండు చెవుల మీద మట్టం పెట్టి బుడగను నడుమకు తెచ్చుకో, షాఫ్ట్‌ను కదలకుండ పట్టి రెండో కొసన చూడు. బుడగ పక్కకు పోతే అదే నీ దొంగ. దాన్ని మళ్ళ కోసి సరిచేసుడు తప్ప వేరే మందు లేదు. ఇంకో సంగతి, జీపు షాఫ్ట్ లెక్క నడుమ స్ప్లైన్ల కాడ, అంటే ఒకదాంట్ల ఒకటి జారే గాడుల కాడ, ఊడొచ్చే రకమైతే వెల్డింగ్ మంచిగనే ఉండి, బిగించేటప్పుడు ఒక పల్లు తప్పి ఉండొచ్చు. దాని మీద బాణం గుర్తులు ఉంటయ్, ఎదురెదురుగ పడాలె.

యోక్‌లు మంచిగ ఉంటే వంపులు కొలువు. డ్రైవరు సీట్ల నీ బరువంత వడ్ల బస్తా పెట్టు, చక్రాలు నేల మీద ఉండాలె. ఫోన్ల మట్టం చూపించే యాప్‌తోనే కొలవొచ్చు, కాని ఫోనును నేరుగ గుండ్రటి గొట్టం మీద పెట్టకు, చిన్న ఇనుప పట్టీ ఆనించి దాని మీద పెట్టు. మూడు అంకెలు కావాలె: గేర్‌బాక్స్ ఎంత వాలి ఉంది, షాఫ్ట్ ఎంత వాలి ఉంది, పినియన్ ఎంత వాలి ఉంది. ముందు నుంచి వెనక్కి పోయేకొద్ది ఎంత దిగుతుందో రాసుకో.

ఉదాహరణకు గేర్‌బాక్స్ 4, షాఫ్ట్ 7, పినియన్ 0 వచ్చిందనుకో. ముందు జాయింటు వంపు 3, వెనకది 7. ముందుది చేసిన ఊపును వెనకది కొట్టెయ్యాలంటే రెండూ సమానం కావాలె. అంటే గేర్‌బాక్స్ వాలు, పినియన్ వాలు ఒకటే ఉండాలె, ఒక డిగ్రీ అటు ఇటు పర్వాలేదు. ఇక్కడ 4 డిగ్రీలు తేడా, గుయ్యి రాకపోతేనే వింత. ఒక్కో జాయింటు వంపు కూడ 3 డిగ్రీల లోపల ఉంటే మంచిది. అట్లని సున్నా కూడ వద్దు, అర డిగ్రీ అన్నా ఉండాలె, లేదంటే క్రాస్‌ల సన్న సూది బేరింగులు ఒక్క చోటనే నిలబడి గుంటలు పెడతయ్.

కమాన్ పట్టీలున్న బండిల ఇంకో చిక్కు ఉన్నది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టీలు మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తది. నీ బండి యాక్సిలరేటర్ వదిలితే గొంతు మారుతుంది అంటే దీనికి దగ్గర కుదురుతది. అందుకే నిలబడి ఉన్నప్పుడు పినియన్ ముక్కును సమానం కంటే ఒకటి, రెండు డిగ్రీలు కిందికే ఉంచుతరు, తొక్కినప్పుడు అది లేచి సరిపోతది. పై ఉదాహరణల పినియన్‌కు 4 కాదు, రెండున్నర, మూడు చాలు.

సరిచేసుడు పట్టీకి, హౌసింగు మీది సీటుకు (పట్టీ కూసునే పలకకు) మధ్య ఏటవాలు ఇనుప చీలిక పెట్టి. హౌసింగు మీద పట్టీ కూసుంటే చీలిక లావు కొస వెనక్కి ఉండాలె, అప్పుడు ముక్కు లేస్తది. పట్టీ హౌసింగు కింద ఉంటే లావు కొస ముందుకు. ఇది తారుమారు చేస్తే 3 డిగ్రీలు తగ్గాల్సింది 3 పెరుగుతది, కాబట్టి బిగించినంక మళ్ళ కొలువు. చీలిక అల్యూమినియంది వద్దు, నలుగుతది. పట్టీలను నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల చీలిక రంధ్రం దాటి ఆ పలకల కూసుంటుందా చూసుకో, లేదంటే హౌసింగు జరిగి బండి పక్కకు నడుస్తది.

గేర్‌బాక్స్ తోకల లోపలికీ బయటికీ జారే స్లిప్ యోక్ ఎంత లోపలికి పోయిందో కూడ చూడు. పూర్తిగ లోపలికి నెట్టి, అక్కడినుంచి 20, 25 మిల్లీమీటర్లు బయటికి ఉండేటట్టు షాఫ్ట్ పొడవు ఉండాలె. అంతకంటే తక్కువుంటే గుంటల పడ్డప్పుడు షాఫ్ట్ గేర్‌బాక్స్‌ను ముందుకు గుద్దుతది. మరీ ఎక్కువ బయటికుంటే యోక్‌కు లోపల ఆధారం చాలక ఊగుతది, తోక ఆయిల్ సీలు కారుతది.

బ్యాలెన్సు మీద ఎక్కువ చెప్ప. కోసి అతికించిన షాఫ్ట్‌ను బ్యాలెన్సు చేయించకుండ ఎక్కించొద్దు, అంతే. హైదరాబాద్‌ల చేసేటోళ్ళు ఉన్నరు, పోయే ముందు షాఫ్ట్ వంకర ఎంతో డయల్ గేజ్ పెట్టి నడుమల కొలిపించు, అర మిల్లీమీటరు దాటితే బ్యాలెన్సు కంటే ముందు సాపు చేయించాలె. అందాక ఎట్లున్నదో తెలవాలంటే పైపు క్లిప్పు ఒకటి షాఫ్ట్ వెనక కొస దగ్గర బిగించి, దాని స్క్రూ తలను పావు చుట్టు చొప్పున జరుపుకుంట నడిపి చూడు. ఒక చోట ఊపు తగ్గి, దాని ఎదురు చోట పెరిగితే బ్యాలెన్సే. ఎక్కడ పెట్టినా ఒకే తీరు ఉంటే వంపో, యోక్‌ల వరుసో.

షాఫ్ట్ మీద ఏం దొరకకపోతే పినియన్ నట్టు. సీలు మార్చినోడు నట్టును ఎట్ల బిగించిండు అని అడుగు. పొడుగు పైపు వేసి ‘గట్టిగ’ బిగించిన అంటే భయపడాల్సిందే. పినియన్ రెండు బేరింగుల మీద ఒక లెక్క ప్రకారం నొక్కుడు ఉండాలె. చానా హౌసింగులల్ల ఆ నొక్కుడును నలిగే స్పేసర్ (బేరింగుల నడుమ గొట్టం ముక్క) నిలబెడుతది, ఒకసారి ఎక్కువ నలిగితే వదులు చేసినా వెనక్కి రాదు, కొత్తది వెయ్యాల్సిందే. సీలు మార్చేటప్పుడు నట్టుకు, షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్‌కు, పినియన్ కొసకు గుర్తు పెట్టుకుని మళ్ళ అక్కడికే తేవాలె, తెలిసినోళ్ళు చేసేది అదే. బాగ బిగిస్తే నడిపినంక హౌసింగు ముక్కు మీద అరచెయ్యి ఆనలేనంత వేడి అయితది. వదులుంటే ఫ్లాంజ్‌ను పట్టి ముందుకూ వెనక్కీ లాగితే కదులుతది. ఆ దిశల ఏ కొంచెం కదలిక ఉన్నా మంచిది కాదు. తిరిగే దిశల కొంచెం ఆట ఉంటది, అది పళ్ళ మధ్య ఉండాల్సిన సందు.

హౌసింగు సప్పుడు గుర్తు పట్టే పద్ధతి: తొక్కినప్పుడు ఈల, వదిలితే మాయం అయితే పళ్ళు ఒక వైపు మీద సరిగ్గ కూసోలేదు. వదిలినప్పుడే వస్తే పినియన్ వదులు. తొక్కినా వదిలినా ఒకే తీరు గరగర అయితే బేరింగులు. నేరుగ పోతే ఏం లేదు, మలిగినప్పుడే వస్తే లోపలి చిన్న స్పైడర్ గేర్లు లేదా ఒక చక్రం బేరింగు. క్రౌన్, పినియన్ జతగ అరగదీసి తయారు చేస్తరు. ఒక హౌసింగు నుంచి క్రౌన్, ఇంకో దాన్నుంచి పినియన్ కలిపి ఎక్కించినోళ్ళ బండ్లు ఎంత సర్దినా మోగుతనే ఉంటయ్. నూనె సంగతి: హౌసింగుల జీఎల్ 5 గ్రేడు, గేర్‌బాక్స్‌కు మాన్యువల్‌ల రాసింది. అరటి తొక్క, రంపపు పొట్టు వేస్తే సప్పుడు పోతది అని చెప్తే వినకు, అది బండి అమ్మేటోళ్ళ ఉపాయం, కొన్నోనికి వారంల తెలుస్తది.

చక్రాలు తొందరగ తేలిపోతయ్. నీ బండికి గుబ్బలుండే బటన్ టైర్లు వేసినవ్, ఆ టైర్లే 40 దాటితే గోల పెడతయ్. సిమెంటు కళ్ళం మీద నుంచి మట్టి మీదికి దించినప్పుడు మోత మారితే టైర్లు, మారకపోతే లోపలిది. చక్రం లేపి ఒక చేత్తోని తిప్పుకుంట రెండో చెయ్యి కమాన్ పట్టీ మీద ఆనించు. బేరింగు పోతే ఇసుక రాపిడి తీరు చేతికి తగులుతది, చెవికంటే ముందు. కళ్ళంల ఎడమకు మలిగితే బరువు కుడి చక్రం మీద పడుతది. అప్పుడు పెరిగితే కుడి బేరింగు, కుడికి మలిగినప్పుడు పెరిగితే ఎడమది.

గేర్‌బాక్స్‌కు కూడ న్యాయం చేద్దాం. బండి నిలబెట్టి న్యూట్రల్ల ఇంజను నడుపు. క్లచ్ మీద నుంచి కాలు తీసినప్పుడు గరగర వచ్చి, తొక్కినప్పుడు ఆగితే ముందు షాఫ్ట్ బేరింగు. తొక్కినప్పుడే వస్తే క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగు, దానికోసం గేర్‌బాక్స్ కొనేది లేదు. నడిచేటప్పుడు ఒకటి, రెండు, మూడు గేర్లల్ల మోత ఉండి నాలుగోదాంట్ల మాయం అయితే లే షాఫ్ట్ (గేర్‌బాక్స్ లోపల పక్కన తిరిగే షాఫ్ట్) బేరింగులు, ఎందుకంటే డైరెక్ట్ గేర్ల లే షాఫ్ట్ మీద బరువు పడదు. నువ్వు నాలుగో గేర్లనే ఎక్కువ అంటున్నవ్. అందుకే మీ మెకానిక్ మాట నాకు ఎక్కలేదు. ఒక్క గేర్లనే వస్తే ఆ గేరు పళ్ళు. నూనె దించి అయస్కాంతం తిప్పు, బూడిద లెక్క నల్లటి పొడి అంటితే మామూలే, ముక్కలు దొరికితే విప్పు.

మిగిలింది మొదటి గేర్ల టక్కు. ఇంజను ఆపి, బండిని గేర్ల పెట్టి, కింద షాఫ్ట్‌ను చేత్తోని అటు ఇటు తిప్పు. ఎక్కడెక్కడ ఆట ఉందో కంటితో చూడు: ముందు క్రాస్, స్లిప్ స్ప్లైన్లు, వెనక క్రాస్, ఆ తర్వాత పినియన్ పళ్ళు. క్రాస్‌ల కొంచెం కూడ ఆట ఉండొద్దు. కప్పు పక్కన ఎర్రటి తుప్పు పొడి కనపడితే ఆ క్రాస్ అయిపోయింది, గ్రీజు ఎంత కొట్టినా రాదు. ఇవన్నీ బిగువుగ ఉండి టక్కు వస్తుంటే కమాన్ పట్టీ బుష్షులు, పట్టీని హౌసింగుకు కట్టే యూ బోల్టులు. ఇంట్ల కట్టిన బండికి యూ బోల్టులు మొదటిసారి బిగించినంక కొంత దూరం నడిస్తే పట్టీల మధ్య రంగు, తుప్పు నలిగి వదులయితయ్, ఎంత మంచిగ బిగించినా సరే. చీలిక పెట్టినవంటే ఇంకా తొందరగ. చీలిక పెట్టిన రోజు కళ్ళంల నాలుగు చుట్లు తిప్పి వచ్చి, బండి నేల మీద ఉండంగనే ఒక్కో పక్క నాలుగు నట్లు వంతుల వారిగ మళ్ళ బిగించు, తర్వాత మూడు వాలు అంకెలు మళ్ళ కొలిచి, ముందటివి, ఇప్పటివి రెండూ నాకు రాయి.